మణికట్టు దాకా

ఆ ఉదయం స్టూడియో గేటు దాటేటప్పటికి నా దగ్గర ఉన్నవి రెండు. ఒకటి, మా చేతి క్రీమును కొనుక్కోవడానికి పెద్ద కంపెనీ పంపిన ఒప్పంద పత్రం. రెండోది, మూడు రోజుల కిందట మేకప్ పెద్దాయన నా చెవిన వేసిన మాట. పత్రాన్ని సంచిలో పెట్టుకున్నాను. మాటను ఎవరి ముందు విప్పాలో ఇంకా తేల్చుకోలేదు. సరుకు చేతికి రావడం సగం పనే. అది ఎవరికి ఎక్కువ అవసరమో కనిపెట్టి, వాళ్ల గుమ్మంలో దించడం మిగతా సగం.

కిందటి వారాలు చదవనివాళ్లకూ, చదివి మరిచిపోయినవాళ్లకూ నాలుగు ముక్కల్లో చెబుతాను.

రాణిగారు ముప్పై ఏళ్లు తెర మీద వెలిగింది. అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉన్నా, వేసినవి చాలావరకు రాణి వేషాలే కావడంతో జనం ఆ పిలుపే ఖాయం చేశారు. వేషాలు తగ్గుముఖం పట్టి, తల్లి పాత్రలు తలుపు తట్టడం మొదలుపెట్టిన ఏడాది ఆమె నన్ను పిలిపించింది. అప్పటికి నేను ఇదే స్టూడియో ఎదురుగా పౌడర్లు, రంగులు, విగ్గులంటించే జిగురు అమ్ముకునే మనిషిని. అందుకే ఇప్పటికీ నన్ను పౌడరనే పిలుస్తారు. ఇద్దరం కలిసి చేతులకు రాసుకునే క్రీము కంపెనీ పెట్టాం. డబ్బా మూత మీద ముఖం వేయలేదు. రెండు చేతులు, అంతే. ఉత్తరం చింపిన చేతులు, కత్తిని ఒరలోంచి మెల్లగా లాగిన చేతులు, చనిపోయిన రాజు కళ్లు మూసిన చేతులు. వాటిని గుర్తుపట్టని ఇల్లాలు లేదు. ముఖానికి ఒక అభిమాన సంఘం, చేతులకు ఇంకో అభిమాన సంఘం ఉండేవి. రెండూ ఒకదాన్నొకటి తిట్టుకునేవి.

ఆ చేతులు రాణిగారివి కావు. ఆమె చెల్లెలివి.

రాణిగారి చేతులు వేళ్ల కొసల నుంచి మణికట్టు దాకా కాలి ముడుచుకుపోయినవి. మొదట కొన్నేళ్లు తొడుగులతో, పొడుగు చేతుల అంగీలతో నెట్టుకొచ్చింది. చెల్లెలికి పద్నాలుగేళ్లు రాగానే బడి మాన్పించి స్టూడియోకి తెచ్చుకుంది. చేతులు మాత్రమే కనబడే ముక్కలు చెల్లెలితో విడిగా తీసి అతికేవారు. ముఖమూ చేతులూ కలిపి చూపక తప్పనప్పుడు చెల్లెలు అక్క వీపు వెనక మోకాళ్ల మీద కూర్చుని, అక్క చంకల కిందుగా తన చేతులు ముందుకు చాచేది. పైన బరువైన శాలువా. అక్క చేతులు ఆ శాలువా లోపల వెనక్కి వెళ్లి చెల్లెలి భుజాల మీద ఆనేవి. ఇరవై ఏళ్లకు పైగా ఆ మనిషి సినిమాల్లో ఉంది. ఒక్కసారి కూడా మణికట్టు దాటి తెర మీదికి రాలేదు.

ఎందుకు ఒప్పుకుందంటే, ఆమె నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఇల్లు అంటుకుందట. మంటల్లో చిక్కుకున్న ఆమెను లాగబోయి అక్క చేతులు కాల్చుకుందట. చెల్లెలికి ఆ మంట గుర్తులేదు. గుర్తుకు రావడానికి అక్క వారానికోసారి ఆ కథ చెప్పేది.

కంపెనీ పెట్టాక చెల్లెలు కార్ఖానాకు వచ్చింది. క్రీముతో పాటు మేం ఒక ముతక సబ్బు కూడా చేసేవాళ్లం. కాస్టిక్ సోడా కలిపి గంగాళంలో తిప్పడం ఆమె పని. పనివాళ్లు ఆమెను సబ్బమ్మ అన్నారు. మొదట్లో అది వెటకారం, తర్వాత పేరే అయింది. ముందు గదిలో డబ్బాల మీద ఆమె చేతులు నిగనిగలాడుతుంటే, వెనక గదిలో అవే చేతులు పగిలి, బొబ్బలెక్కి, గోళ్లూడి, చివరికి చూడటానికి వీలు లేకుండా తయారయ్యాయి. రబ్బరు తొడుగులు తెప్పించమని ఆమె రెండుసార్లు అడిగింది. తొడుగులుంటే తెడ్డు జారుతుందని వద్దన్నది నేనే.

ఇప్పుడు పెద్ద కంపెనీ మా క్రీమును కొంటానంది. బేరం చూసే ఆవిడ అన్నిటికీ తలూపి, చివర్లో ఒక షరతు పెట్టింది. ఒప్పందంతో పాటు కొత్త ప్రకటన కావాలి. రాణిగారు స్వయంగా క్రీము రాసుకోవాలి. ముఖం, చేతులు కలిపి ఒకే షాటు, మధ్యలో కోత ఉండకూడదు. అది కుదరకపోతే ఏదీ లేదు. చెల్లెలి చేతులు ఇక పనికిరావు. మిగిలింది చెల్లెలి కూతురు. తండ్రి ముఖం ఎరగని పిల్ల, మా కార్ఖానాలో కెమిస్టు. ఇప్పుడు అమ్ముడవుతున్న క్రీము పాకం ఆ అమ్మాయిదే. చేతులు మాత్రం అచ్చు తల్లివి. ఆ ముక్క రాణిగారికి అందించింది కూడా నేనే.

ఇదీ నిన్నటి దాకా ఉన్న నిల్వ.

మేకప్ గదిలో రాణిగారు ఒక్కతే ఉంది. అద్దం చుట్టూ బల్బులు వెలుగుతున్నాయి. ముఖానికి సగమే రంగు పడింది. ఎడమ చెంప యాభై ఏళ్లు, కుడి చెంప డెబ్బై రెండు. చేతులకు వలలాంటి జాలీ తొడుగులు.

తలుపు మూసి, లైటు సంగతి పెద్దాయన చెప్పాడన్నాను.

ఆమె అద్దంలోంచే నన్ను చూసింది. "ఎప్పుడు?"

"మూడు రోజులైంది."

"మూడు రోజులు కడుపులో పెట్టుకుని ఇవాళ తెచ్చావంటే బేరానికొచ్చావన్నమాట. ముందు నువ్వు విన్నది చెప్పు. తక్కువ విని ఎక్కువ అడుగుతావేమో."

విన్నది చెప్పాను. ఇల్లూ కాలలేదు, వాకిలీ కాలలేదు. ఆమె మొదటి సినిమా మూడో రోజున సెట్టులో నిప్పుల కుంపటిలా కాగే పెద్ద ఆర్క్ లైటు ఒరిగి ఆమె మీదికి వచ్చింది. పారిపోయే సందుంది. కానీ కెమెరా తిరుగుతోంది, కట్ అనలేదు. కట్ అనేదాకా కదలకూడదని ఆమెకు మొదటి రోజే నేర్పారు. కదలకుండా రెండు అరచేతులతో ముఖం కప్పుకుంది. ముఖం దక్కింది. ఆ సమయానికి చెల్లెలు నాలుగు వీధుల అవతల ఇంట్లో నిద్రపోతోంది.

రాణిగారు స్పాంజి తీసుకుని కుడి చెంప మొదలుపెట్టింది. "ఏం కావాలి?"

"సబ్బు."

ఆమె నవ్వింది. "కంపెనీలో సగం అడుగుతావనుకున్నా. ఎంత చిన్న ప్రాణమయ్యా నీది."

నవ్వనిచ్చాను. పెద్ద కంపెనీకి కావలసింది క్రీము. సబ్బు ఆ పత్రంలో చివరి పేజీలో, పాత బల్లలూ కుర్చీల పక్కన ఉంది. కానీ మోజు తగ్గితే క్రీము పోతుంది. ఆసుపత్రులు, బట్టలుతికే కొట్లు, కారు షెడ్లు ఉన్నంతకాలం ముతక సబ్బు పోదు. దాన్ని ఒప్పందంలోంచి తీసి నాకు విడిగా రాయమన్నాను. ఆనాటి డైలాగు కాగితం వెనక ఆమె నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టింది. తొడుగు వేలికి అంటిన రంగు కాగితం అంచున మరకైంది. మడిచి జేబులో పెట్టుకున్నాను.

"మా చెల్లి ముందు నోరు జారావో..."

"సంతకం అయ్యాక నోరు జారితే నష్టం నాకే కదా రాణిగారూ."

"అందుకే నిన్ను నమ్ముతాను పౌడరూ. మంచివాళ్లతో పెట్టుకుంటే ఎప్పుడు ఎటు తిరుగుతారో తెలియదు."

ఆ తర్వాత కాసేపటికి మేకప్ పెద్దాయన తన పెట్టెతో వచ్చాడు. రాణిగారికి మొదటి సినిమా నుంచీ రంగు వేస్తున్నవాడు, ఎనభై దాటినా అరవై రంగుల్ని వాసన చూసి చెప్పగల మనిషి. నా వైపు చూడలేదు. ఆయన వెనకే తల్లీకూతుళ్లు వచ్చారు. చెల్లెలు ఎప్పటిలాగే చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. కూతురు మాత్రం లోపలికొచ్చి, అడక్కుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. నేను మోకాలి మీద కూర్చోబెట్టుకుని త్రాసు వాడటం నేర్పిన పిల్ల. నన్ను మావయ్యా అంటుంది, ఎందుకంటే వాళ్లమ్మ నన్ను అన్నయ్యా అంటుంది. రక్తసంబంధం ఏమీ లేదు. ఇరవై ఏళ్లు ఒకే కప్పు కింద పనిచేస్తే అలా కలిసిపోతాయి.

రాణిగారు వరసగా చెప్పుకుపోయింది. ఇవాళ ఒక్క షాటు. తర్వాత మూడేళ్లు, ఎప్పుడు ప్రకటన తీస్తే అప్పుడు. ఈ మూడేళ్లూ అమ్మాయి ఆమ్లాలు, సోడాలు ముట్టుకోకూడదు. ఎండలోకి పోకూడదు. బయటివాళ్లెవరికీ ఒక్క మాట చెప్పకూడదు. ఒప్పుకుంటే పెద్ద కంపెనీ ప్రయోగశాలకు పెద్దగా వేయిస్తానంది.

"ఏమీ ముట్టుకోని కెమిస్టునన్నమాట," అంది అమ్మాయి. "కుర్చీ ఇచ్చి చేతులు తీసేసుకుంటారా పెద్దమ్మా?"

"తీసేసుకోవడమేమిటే, అద్దెకు. మీ అమ్మ ఇరవై ఏళ్లు ఇచ్చింది. ఏం, అరిగిపోయిందా?"

చెల్లెలు వెనక్కి కట్టుకున్న చేతుల్ని ఇంకాస్త వెనక్కి లాక్కుంది. రాణిగారికి తన మాట తనకే వినిపించినట్టుంది, కానీ ఆమె వెనక్కి తగ్గే రకం కాదు. ఇంకో అడుగు ముందుకే వేసింది. అక్కడి నుంచి నేను చూసింది చెబుతున్నాను, నమ్మండి. అరవై సినిమాల్లో ఆమె అంత బాగా చేయలేదు.

లేచి నిలబడింది. జాలీ తొడుగులు ఒక్కో వేలూ లాగి తీసింది. ఆ చేతుల్ని అమ్మాయి ముఖం ముందు పెట్టి, గొంతు ఏమాత్రం పెంచకుండా ఆ ఇల్లు చెప్పింది. పొగ చెప్పింది. దూలం విరిగిన చప్పుడు చెప్పింది. మంచం కింద దూరిన నాలుగేళ్ల పిల్ల అక్కా అక్కా అని పిలవడం చెప్పింది. చివర్లో ఇలా అంది: "నీ తల్లి బతికింది కాబట్టి నువ్వు పుట్టావు. నీ చేతులు కూడా నా చేతులు కాల్చి తెచ్చినవే. అడగడం నా మంచితనం. అడక్కుండా తీసుకున్నా నాకు హక్కుంది."

నా జేబులో కాగితం ఛాతీకి తగులుతోంది. పెద్దాయన రంగు కలుపుతున్నాడు. అవసరానికి మించి కలుపుతున్నాడు.

చెల్లెలు ముందుకొచ్చి కూతురి భుజం మీద చెయ్యి వేసింది. ఇక చేసేయమంది. తన జీవితం తనకు తెలుసని, ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసని, ఈ ఒక్కటీ అయితే తేలికపడతానని నెమ్మదిగా చెప్పింది. ఆ గొంతులో ఏడుపు లేదు. అది నాకు అప్పుడే వింతగా తోచాల్సింది. నేను పట్టించుకోలేదు. బేరం ముగిసే సమయంలో మనిషికి తన సరుకు తప్ప ఏమీ కనబడదు.

అమ్మాయి తల్లి వైపు చూడలేదు. పెద్దమ్మ చేతుల వైపే చూస్తోంది. రోజూ ఆ చేతులకు మందు రాసేది తనే.

"ఒక్కటి అడుగుతాను పెద్దమ్మా. మంటల్లోంచి మనిషిని లాగితే అరచేతులు కాలాలి. మీవి వెనకవైపే కాలాయి. అరచేతులు నాకన్నా నున్నగా ఉన్నాయి."

నీకు నిలదీయడం నేర్పింది ఎవరే అని రాణిగారు తిట్టింది. అప్పుడు కొలతలు తీసుకుంటూ లాగలేదు అంది. ఆ అమ్మాయి ఆ జవాబును తీసుకోలేదు, తోసేయలేదు. కుర్చీని నా వైపు తిప్పుకుంది.

"మావయ్యా. మీరు తూకం తప్పరు. నాకు త్రాసు పట్టుకోవడం నేర్పింది మీరు. ఇల్లు కాలడం నిజమేనా? మీకేమైనా తెలిసుంటే చెప్పండి. మీరు చెప్పినట్టే చేస్తాను."

నాలుగు జతల కళ్లు నా మీద పడ్డాయి. అద్దంలో ఉన్న వాటితో కలిపితే ఎనిమిది. ఆ క్షణం గురించి తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. అప్పుడు మాత్రం పెద్దగా ఆలోచించలేదని ఒప్పుకోవాలి. ఒక పక్కన సంతకమైన కాగితం ఉంది. రెండో పక్కన పెట్టడానికి ఒక పిలుపు తప్ప ఏమీ లేదు.

"నిజమే తల్లీ," అన్నాను. "మీ అమ్మను బతికించింది ఆ చేతులే."

అమ్మాయి నన్ను ఇంకాసేపు చూసింది. తర్వాత లేచి, చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, పెద్దాయన ముందు చేతులు చాచింది. ఆయన రంగు పూయడానికి వంగాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం చూశాను. ముసలితనం అనుకున్నాను.

సెట్టులో సరంజామా పెద్దగా లేదు. నల్లటి తెర, వీపు లేని ఒక ఎత్తుపీట, పక్కన చిన్న బల్ల మీద మా డబ్బా. రాణిగారు పీట మీద కూర్చుంది. అమ్మాయి ఆమె వెనక మోకాళ్ల మీద కూర్చుని చంకల కిందుగా చేతులు ముందుకు చాచింది. పెద్దాయన శాలువా కప్పి మడతలు సర్దాడు. రాణిగారి చేతులు వెనక్కి వెళ్లి అమ్మాయి భుజాల మీద ఆనాయి. శాలువా నేతలో జాలీ చిక్కుకుంటుందని తొడుగులు వేసుకోలేదు. ముప్పై ఏళ్ల కిందటి పద్ధతి, ఒక్క వేలు తేడా లేకుండా.

పెద్ద కంపెనీ ఆవిడ కెమెరా పక్కనే కుర్చీ వేసుకుంది. ఈ ఏర్పాటంతా ఆమె కంటపడకుండా చేయాలని నేను అంతకుముందే బయటికి తీసుకెళ్లి కాఫీ ఇప్పించబోయాను. ఆమె కదల్లేదు. చూస్తానంది. మా గుట్టు ఆమె కళ్ల ముందే పీటెక్కుతుంటే మొహంలో ఆశ్చర్యం కనబడలేదు.

షాటు మొదలైంది. ఆ చేతులు మూత తిప్పాయి. వేలి కొసతో క్రీము తీశాయి. ఒక చేతి మీద ఒకటి జారాయి. పైన రాణిగారి ముఖం, ఆ చిరునవ్వు, కొద్దిగా వంగిన ఆ మెడ. లైట్లు తిప్పే మనుషులు కూడా పని ఆపి చూశారు. ఇరవై ఏళ్లు మూత మీద ఉన్న బొమ్మ లేచి కదిలినట్టుంది. చెప్పిన ప్రకారం అక్కడ కట్ పడాలి.

పడలేదు. కంపెనీ ఆవిడ చెయ్యి కొద్దిగా పైకెత్తి ఉంచింది, సాగనివ్వమన్నట్టు.

అమ్మాయి చేతులు శాలువా లోపలికి వెళ్లాయి. మళ్లీ బయటికొచ్చినప్పుడు ఒట్టివి కావు. ఒక్కోటి ఒక్కో చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని వెలుగులోకి తెచ్చింది. ముడుచుకున్న, కాలిన చేతులు. రాణిగారి చిరునవ్వు చెదరలేదు. లాక్కోవచ్చు, లేవచ్చు, అరవవచ్చు. కానీ కట్ అనలేదు. కెమెరా తిరుగుతోంది. యాభై నాలుగేళ్ల కిందట లైటు మీద పడుతున్నా కదలని మనిషి, ఇప్పుడూ కదల్లేదు.

అమ్మాయి ఆ చేతుల్ని తిప్పి అరచేతులు చూపించింది. నున్నటి అరచేతులు. మళ్లీ తిప్పింది. నెమ్మదిగా పైకి తీసుకెళ్లి రాణిగారి ముఖానికే ఆనించింది, అరచేతులు లోపలికి, కాలిన వైపు బయటికి. అంతే. మాట అక్కర్లేకపోయింది. ఆ చేతులు ఎందుకు కాలాయో, దేన్ని కాపాడటానికి కాలాయో, కళ్లున్న ప్రతివాడికీ అర్థమైంది. శాలువా జారింది. అమ్మాయి లేచి నిలబడింది. పెద్దమ్మ తల వెనక నుంచి, వెలుగులోకి, పూర్తి మనిషిగా.

నా పక్కన చెల్లెలు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. చేతులు వెనక్కి కట్టుకోలేదు.

"ఒకే షాటు కావాలని కంపెనీ ఆవిడకు చెప్పింది నేనే అన్నయ్యా," అంది. గొంతు తగ్గించి, నింపాదిగా, సబ్బు పాకం కుదిరిందని చెప్పినట్టు. "లైటు సంగతి మేకప్ తాత నాకు కిందటేడే చెప్పాడు. నీకు చెప్పమన్నదీ నేనే. క్రీము పాకం పాపదని, చేతులు మావని ఆవిడ ముందు అన్నీ పెట్టాను. ఒప్పందం పాపతోనే."

మరి గదిలో ఆ మాటలన్నీ ఎందుకని అడిగాను.

"అక్క చెబుతుందేమో చూద్దామని. చివరిసారి అవకాశం ఇవ్వాలి కదా, తోడబుట్టింది. అక్క చెప్పలేదు. అప్పుడు పాప నిన్ను అడిగింది." ఆమె చూపు నా జేబు మీదికి దిగింది. కాగితం అంచు బయటికి కనబడుతోంది, రంగు మరకతో సహా. "నువ్వు నిజం చెబితే సబ్బు నీకే వదిలేయాలని పాపతో అనుకున్నాం. నీకది ఇష్టమని తెలుసు. ఇప్పుడూ నీకే వచ్చినట్టుందిలే. ఉంచుకో. తెడ్డు గోడకు ఆనించి ఉంది. తొడుగులు మాత్రం తెప్పించుకో."

షాటు ఇంకా నడుస్తోంది. అమ్మాయి కెమెరా వెలుగు దాటి మా వైపు చూసి, నా కాళ్ల దగ్గరికి దొర్లొచ్చిన డబ్బా మూత చూపించి అడిగింది. "ఆ మూత ఇటు అందిస్తారా అండీ?"

అండీ. మావయ్య లేడు. పోస్టు తెచ్చే మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది. వెళ్లి మూత అందించాను. మా వేళ్లు తగలలేదు.

అప్పుడే రాణిగారు ముఖం మీంచి చేతులు దించింది. ఏడుస్తుందనుకున్నారు చాలామంది. కళ్లు పొడిగా ఉన్నాయి. కెమెరాను చూడలేదు. కెమెరా వెనక చీకట్లో రంగు పెట్టె పట్టుకుని నిలబడ్డ మనిషిని వెతికింది. దర్బారు సన్నివేశాల్లో వాడే గొంతుతో, ఒక్క అక్షరం నలగకుండా అడిగింది.

"పెద్దాయనా, లైటు పడిందని వీళ్లందరికీ చెప్పావు. బాగుంది. దాన్ని తోసిందెవరో కూడా చెప్పావా?"

మేకప్ పెద్దాయన చేతిలో పెట్టె కింద పడింది. అరవై రంగులు నేల మీద దొర్లాయి. చెల్లెలు గిరుక్కున ఆయన వైపు తిరిగింది. ఎవరూ కట్ అనలేదు.

ఇక్కడికి నా లెక్క. వచ్చింది ఒక సబ్బు, దాని వెనక ఒక గంగాళం, ఒక తెడ్డు, రంగు మరకతో ఒక సంతకం. ఒప్పందం పాపతో అయ్యాక ఆ సంతకం చెల్లుతుందో లేదో అప్పటికి తెలియదు. ఆ సబ్బు పాకం ఎప్పుడు కుదురుతుందో తెలిసిన మనుషులు లోకంలో ఇద్దరే, తల్లీ కూతురూ. ఇద్దరూ నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. ఆ పూట ఇద్దరిలో ఎవరినీ పేరు పెట్టి పిలిచే ధైర్యం నాకు లేదు.